పసుపు చీటీల అర

ఆ రోజు పొద్దున పెద్దకోడలు ఫ్రిజ్‌లోంచి నిన్నటి చికెన్ కూర గిన్నె తీసి, మూత తెరిచి, చిన్నకోడలి ముఖం ముందు పెట్టింది.

"చూడవే" అంది.

చిన్నకోడలు పిల్లల డబ్బాల్లో రొట్టెలు సర్దుతోంది. ఆ మాట చెవిన పడగానే ఆమెకు ఒళ్ళు మండింది. ఎన్నేళ్ళుగానో వింటున్న మాట. కూరైనా, పెరుగైనా, చేపలైనా ముందు తన ముక్కు కింద పెట్టి "చూడవే" అనడం. పిల్లికి పెట్టి చూశాక మనుషులు తిన్నట్టు.

"నీకు మాత్రం ముక్కు లేదా అక్కా? నువ్వే చూసుకో" అంది తలెత్తకుండా.

పెద్దకోడలు గిన్నె పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఆ కూరంతా చెత్తబుట్టలో ఒంపేసింది. గిన్నె కడిగి బోర్లించింది. గుడ్లు ఉడకబెట్టి పిల్లల డబ్బాల్లో ఒక్కొక్కటి పెట్టింది. చేతులు తుడుచుకుని, పేపరు ముందేసుకుని, వంటనూనె కూపన్ ఒకటి అంచు వెంబడి కత్తిరించి కళ్ళజోడు డబ్బాలో దాచుకుంది.

మధ్యాహ్నం అదే కుర్చీలో, అదే పేపరు ఒళ్ళో ఉండగా పక్కకు ఒరిగిపోయింది. అవతలి గదిలో బట్టలు మడతపెడుతున్న చిన్నకోడలు, కత్తెర నేలమీద పడ్డ చప్పుడు విని వచ్చింది. డాక్టరు వచ్చి గుండె అన్నాడు.

ఇంటిల్లిపాదితో బాటు చిన్నకోడలూ ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు. కానీ ఆ ఏడుపు మధ్యలో కూడా ఒక ప్రశ్న గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆ కూర ఎందుకు పారబోసింది? చెత్తబుట్ట బయట పెట్టేటప్పుడు వాసన ఆమె ముక్కుకు తగిలింది. కమ్మగా ఉంది. ఇంకో పూట నిక్షేపంలా తినొచ్చు. నూనె సీసా ఖాళీ అయితే అందులో వేడినీళ్ళు పోసి గిలకరించి కూరలో ఒంపే మనిషి, అరిగిపోయిన సబ్బుబిళ్ళను కొత్త సబ్బుకు అంటించి వాడే మనిషి, బాగున్న కూరను చేజేతులా పారబోసిందంటే అది తనమీద కసి కాక మరేమిటి?

చిన్నకోడలు అలాగే అనుకుంది. అలా అనుకోవడానికి ఆమె దగ్గర కారణాలు బోలెడు.

అది ఎనిమిది మంది ఇల్లు. అత్తగారు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. పెద్దవాళ్ళకు ఒక కొడుకు, చిన్నవాళ్ళకు ఒక కూతురూ ఒక కొడుకూ. అన్న బస్సు డిపోలో మెకానిక్, తమ్ముడు గోడౌన్లో గుమస్తా. మూడు గదుల ఫ్లాటు. ఇద్దరి జీతాలూ కలిపినా పొట్టి దుప్పటి లెక్కే. తల కప్పుకుంటే కాళ్ళు బయట, కాళ్ళు కప్పుకుంటే తల బయట. ఆ దుప్పటిని సాగదీసి ఎనిమిది మందికీ సరిపెట్టేది పెద్దకోడలు.

పెళ్ళికి ముందు ఆమె ఒక అచ్చాఫీసులో కరపత్రాలు మడిచే పని చేసింది. కాగితమంటే ఆ వేళ్ళకు చెప్పలేనంత చనువు. కత్తెర పట్టిందంటే అది గీతమీద నడిచినట్టు పోయేది. పేపర్లో పడ్డవీ, బిస్కెట్ పెట్టెల వెనక అచ్చువేసినవీ, షాపులవాళ్ళు తలుపు సందుల్లో దోపిపోయినవీ, ఏ కూపన్నూ వదిలేది కాదు. మెట్లమీద ఎవరో నలిపి పారేసినదాన్ని కూడా ఏరుకొచ్చి ఇస్త్రీపెట్టెతో సాపు చేసేది. ఆ మెట్లెక్కి దిగే వాళ్ళందరికీ ఆమె అసలు పేరు మరుపున పడి 'కత్తెరక్క' అన్న పేరు ఖాయమైపోయింది. కింది ఫ్లాటు టీచరమ్మా, ఎదురింటి దర్జీ భార్యా సాయంత్రాలు వచ్చి కూర్చుని పాఠం చెప్పించుకునేవాళ్ళు.

"కూపన్ కొనమన్నది కొనకూడదమ్మా. మనం కొనేదానికి కూపన్ వెతుక్కోవాలి. చెప్పులు చవగ్గా వచ్చాయని కాళ్ళు కోసుకుంటామా?" అనేది కత్తెరక్క. వాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు.

అవతలి గదిలో చిన్నకోడలు ఆ నవ్వులు వింటూ, చేతిలో ఉన్న బట్టను అవసరానికి మించి గట్టిగా పిండేది.

ఇంట్లో మాత్రం తక్కువా? మొగుడు కంచం ముందు కూర్చోగానే, "మా వదినే లేకపోతే ఈ ఇల్లు ఎప్పుడో గుల్లయ్యేది" అనేవాడు. అత్తగారు, "దాని చెయ్యి పడితే ఇసకైనా కూరవుతుందిరా" అనేది. ఈ రెండూ చిన్నకోడలు ఎలాగో దిగమింగేది. మూడోదే మింగుడుపడేది కాదు. తను కని పెంచుతున్న కూతురు గిన్నె మూత తీసి, "పెద్దమ్మ చేసిందా, నువ్వు చేశావా?" అని అడిగేది. పెద్దమ్మ చేసిందంటేనే కంచం జరుపుకునేది.

చిన్నకోడలికి కావలసింది నగలు కాదు, విడిగా కాపురం కాదు. ఒక సంచీ. వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడే నీలంరంగు గుడ్డసంచీ. పిడులు రెండూ ఊడి, మళ్ళీ కుట్టించిన సంచీ. అది ఎవరి భుజాన ఉంటే వారానికి ఏం తినాలో వాళ్ళే చెబుతారు. కంచాల ముందు వచ్చే మెప్పంతా వాళ్ళదే.

"అక్కా, ఈ వారం షాపుకి నేను వెళ్ళొస్తాలే" అని చూసిందోసారి.

"ఒక్కదానివే ఎందుకే, ఇద్దరం వెళ్దాం" అంది పెద్దకోడలు. అంటూనే సంచీ తన భుజానికి తగిలించుకుంది.

ఇద్దరూ వెళ్ళేవాళ్ళు. రెండు వీధుల అవతల పెద్ద సూపర్ మార్కెట్. లోపల సామాన్లన్నిటి దగ్గరా పెద్దకోడలిదే రాజ్యం. కళ్ళజోడు డబ్బా తెరిచేది, ఒక కూపన్ తీసేది, సన్న అక్షరాలు పైకి చదివేది, పప్పులూ నూనెలూ సబ్బులూ బుట్టలో పడేసేది. చిన్నకోడలు వెనకాల బండి తోసుకుంటూ వచ్చేది.

చివర్న, వెనక గోడ వారన, ఒక చల్లటి అర ఉండేది. డేటు దగ్గరపడ్డ చేపలు, చికెన్, పెరుగు, ఉడికించిన మాంసం ముక్కలు అందులోకి చేరేవి. పొద్దు తిరిగాక, యూనిఫాం మీద ఉన్ని స్వెట్టర్ తొడుక్కున్న ఒక పెద్దావిడ వచ్చి వాటిమీద ధర తగ్గించిన పసుపు చీటీలు అంటించేది. వీళ్ళు ఆమెను చీటీలమ్మ అనేవాళ్ళు. సరుకు సగం ధరకు వచ్చేది గానీ, కళ్ళు మూసుకుని తెచ్చుకుంటే కడుపులు పట్టుకోవాల్సిందే. ప్యాకెట్ మీద డేటు బాగానే ఉన్నా లోపల సరుకు చెడి ఉండొచ్చు. ఆ అర దగ్గర పనికొచ్చేది కూపన్ కాదు, ముక్కు.

పెద్దకోడలు ఒక్కో ప్యాకెట్టూ తీసి చిన్నకోడలి ముఖం దగ్గరికి తెచ్చేది.

"చూడవే."

"బాగుంది."

అది బండిలోకి.

"ఇది చూడవే."

"ఊహూ."

అది మళ్ళీ అరలోకి.

వచ్చేపోయే వాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు. చీటీలమ్మ నవ్వేది. "మీ చెల్లెలిది ముక్కు కాదమ్మా, మీటరు" అనేది.

"చెల్లెలు కాదు, తోడికోడలు. అంతకంటే ఎక్కువే అనుకో" అనేది పెద్దకోడలు.

చిన్నకోడలికి తల కొట్టేసినట్టుండేది. తీరా ఇంటికొచ్చాక అత్తగారు చేప ముక్క నోట్లో పెట్టుకుని, "ఎంత తాజాది ఏరి తెచ్చిందే మా పెద్దది!" అనేది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అలా ఉండేది వ్యవహారం. ముక్కు తనది, మెప్పు ఆమెది.

వంట దగ్గరా ఇంతే. "ఉప్పు చూడవే", "పులుపు సరిపోయిందేమో చూడు" అంటూ గరిటె తెచ్చి నోటికందించేది. మొదట్లో ఇది లేదు. చిన్నకోడలు కాపురానికి వచ్చిన ఏడు పెద్దకోడలికి మంచాన పడేసే జ్వరం వచ్చింది. లేచి వంటింట్లోకి వచ్చిన మొదటి వారం కూరలన్నీ ఉప్పు కషాయాలే. అత్తగారు కంచం తోసేసి, "జ్వరం నీకొచ్చిందా, ఉప్పు డబ్బాకొచ్చిందా?" అని కేకలేసింది. ఆ మర్నాటి నుంచే గరిటె చిన్నకోడలి దగ్గరికి రావడం మొదలైంది. కొత్తగా వచ్చినదాన్ని చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి వేసిన ఎత్తు అనుకుంది ఆమె. వేలు చూపిస్తే వచ్చి నాలుక చాపాలి, అంతేగా!

ఒకసారి పెద్దకోడలు పొయ్యిమీద పాలు పెట్టి, పక్కనే బల్లమీద కూపన్లు కత్తిరిస్తూ కూర్చుంది. పాలు పొంగి, ఇంకి, అడుగంటి, మాడి బొగ్గయినా కదల్లేదు. రెండు గదుల అవతల ఉన్న చిన్నకోడలు కమురు వాసనకు పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది. దొరికిందిరా దొంగ అనుకుంది. రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి ఉప్పూ కారం వేసి మరీ చెప్పింది.

"పక్కనే ఉందండీ మనిషి! కత్తెర పడితే ఈవిడకి ఇల్లు తగలబడ్డా తెలియదు!"

అందరూ నవ్వారు. పెద్దకోడలు కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. అంతటితో ఆగితే బాగుండేది. బావగారు ముద్ద మింగి, "అదీ ధ్యాసంటే. పనిలో పడితే అలా పడాలి" అన్నాడు. అత్తగారు తలూపింది. చిన్నకోడలు తెల్లబోయింది. పాలు మాడ్చి కూడా మెప్పు కొట్టేసింది! తనే మాడ్చి ఉంటే ఈపాటికి వీధి చివరిదాకా వినిపించేది.

ఇంకోసారి కూపన్లు కూడబెట్టి పంపితే ఒక వాసన సబ్బు బహుమతిగా వచ్చింది. మల్లెపూల వాసన, పైన బంగారు రంగు కాగితం. పెద్దకోడలు దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, "నాకెందుకే ఇది, నువ్వు వాడుకో" అని చిన్నకోడలి చేతిలో పెట్టింది. "ఎంత పెద్ద మనసో చూడు" అన్నాడు మొగుడు. చిన్నకోడలు ఆ సబ్బు వాడలేదు. బట్టల సొరుగులో పడేసింది. సొరుగు లాగినప్పుడల్లా ఆ పెద్ద మనసు గుప్పున కొట్టేది.

కోరిక తీరే రోజు ఒకటి వచ్చింది. పెద్దకోడలు మెట్లమీద జారి మోకాలు వాచి మంచమెక్కింది. అత్తగారు మేకుకున్న సంచీ తీసి చిన్నకోడలికి ఇచ్చింది. "ఈ వారం నువ్వెళ్ళు. పెద్దదాన్నడిగి వెళ్ళు" అంది.

అడుగుతుందా! కళ్ళజోడు డబ్బా తీసుకుని గదిలో తలుపేసుకుంది. పెద్దకోడలు కూపన్లను షాపులో అరలున్న వరసలోనే పేర్చి పెట్టుకునేది, నడుచుకుంటూ పోతే ఒకటి తర్వాత ఒకటి చేతికి వచ్చేలా. చిన్నకోడలికి అది చిందరవందరగా కనిపించింది. అన్నిటినీ బల్లమీద కుమ్మరించి, ఎక్కువ తగ్గింపు ఉన్నవి పైకీ తక్కువవి కిందికీ పేర్చింది. ఈ తెలివి ఇన్నాళ్ళూ ఆవిడకెందుకు రాలేదా అనుకుంది. కూతురితో, "సాయంత్రం చూడు, నీ పెద్దమ్మ పదిసార్లు వెళ్ళినా తేలేనంత తెస్తాను" అంది.

అన్నంత పనీ చేసింది. సంచీ నిండి, చేతుల్లో రెండు అట్టపెట్టెలు కూడా. బల్లమీద ఒక్కొక్కటే తీసి పెడుతుంటే పిల్లలు చుట్టూ మూగారు. రెండు కొంటే ఒకటి ఉచితం కాబట్టి టూత్‌పేస్టు ఒక గుట్ట. బూట్ పాలిష్ ఒక వరస. అద్దాలు తుడిచే మందు. వెనిగర్ సీసాలు. తగ్గింపులో అన్నిటికంటే పైనున్నవి అవే మరి. రొట్టె ఒకటి. గుడ్లు అరడజను. అడుగున, పసుపు చీటీ అంటించిన పెద్ద చేప.

పెద్దవాళ్ళ కొడుకు టూత్‌పేస్టు ఒకటి పట్టుకుని అడిగాడు:

"పిన్నీ, రేపు పేస్టు కూరా, పాలిష్ వేపుడా?"

చిన్నకోడలి కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. అత్తగారు తలబాదుకుంది. "వారమంతా పళ్ళు తోముకుంటూ కూర్చోమంటావే? తోమిన పళ్ళకి పనేదీ!" అంది. అవన్నీ చిన్నకోడలు భరించేదే. కానీ లోపలి గదిలోంచి, దిండుమీద కాలు పెట్టుకుని పడుకున్న పెద్దకోడలి నవ్వు వినిపించింది. పొట్ట పట్టుకుని నవ్విన నవ్వు. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్న సామెత ఎవరు కట్టారో గానీ, కడుపు కాలినవాళ్ళే కట్టి ఉండాలి.

ఆ రాత్రి చేప వండింది. చేప అద్భుతంగా ఉంది. పేస్టు గురించి మాట్లాడుకోవడంలో పడి ఒక్కరూ ఆ మాట అనలేదు. కంచం తీసుకుని లోపలికి వెళితే పెద్దకోడలు రెండు ముద్దలు తిని, గొంతు తగ్గించి అడిగింది.

"చేప బాగుందా?"

"తింటున్నావు కదా, నువ్వే చెప్పు."

"బాగుందనే అంటున్నా. నువ్వొక్కదానివే వెళ్ళి, అన్నిట్లో దీన్నే ఎలా పట్టుకున్నావే?"

"ముక్కుంది కదా" అంది చిన్నకోడలు దురుసుగా.

"అవునులే" అంది పెద్దకోడలు. "నీకు ముక్కుంది."

ఆ మాట ఆమె మామూలుగా అనే మాటలా లేదు. చిన్నకోడలికి మాత్రం వెక్కిరింపులా వినిపించింది. అంతే, గిన్నె ఠక్కున కింద పెట్టి, ఆ పూటే ఒట్టు పెట్టుకుంది. కాలు బాగయ్యాక ఆవిడే వెళ్ళనీ, ఆవిడే మొయ్యనీ. నేను ఆ షాపు గడప తొక్కను.

తొక్కలేదు. మోకాలు తగ్గాక పెద్దకోడలు ఒక్కతే సంచీ వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ వారం ఇంట్లో ఎండు చిక్కుడుగింజలు. పై వారం బంగాళాదుంపలు. ఆ పై వారం మళ్ళీ గింజలు, క్యాబేజీ, డబ్బాల్లో సీలు వేసిన సామాన్లు. చేప లేదు, చికెన్ లేదు. మొగుడు గరిటెతో గిన్నె అడుగు కెలికి, "ఏమిటి వదినా, ఈమధ్య నీ చెయ్యి ఆడటం లేదే?" అన్నాడు. చిన్నకోడలికి కడుపులో చల్లగా పన్నీరు జల్లినట్టయింది. ఆ పూట గింజలే రెండోసారి వడ్డించుకుంది.

"చేపలు దొరకడం లేదటే?" అని అడిగింది అత్తగారు.

"బాగుండటం లేదత్తయ్యా" అంది పెద్దకోడలు, కంచంలోకి చూస్తూ.

కత్తెరక్క పని అయిపోయిందనుకుంది చిన్నకోడలు. ఇహ సంచీ దానంతటదే వచ్చి తన ఒళ్ళో పడుతుంది. ఒక మధ్యాహ్నం పెద్దకోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"రేపు రావే, షాపుకి. ఒక్కదాన్నే అయిపోతున్నాను."

"సంచీ నాకిస్తే వస్తా."

పెద్దకోడలు చాలాసేపు ఆలోచించింది. ఒక సంచీకి ఇంత ఆలోచనా అనుకుంది చిన్నకోడలు.

"సరే. సంచీ నీ భుజాన వేసుకో. డబ్బా మటుకు నా దగ్గరే ఉంటుంది."

మర్నాడు చిన్నకోడలు సంచీ భుజాన వేసుకుని వీధిలో తలెత్తుకుని నడిచింది. పెద్దకోడలు కళ్ళజోడు డబ్బా పట్టుకుని పక్కన నడిచింది. చీటీల అర దగ్గర మళ్ళీ మొదలు: చూడవే, చూడవే. తిరిగి వచ్చేటప్పుడు సంచీ నిండి భుజం కోసుకుపోతుంటే, మెట్ల మధ్యలో చిన్నకోడలికి వెలిగింది. తను గెలుచుకున్నది అధికారం కాదు, మోత. సంచీ వచ్చింది, గాడిద బతుకూ వచ్చింది. ఆ రాత్రి కంచాల చుట్టూ మళ్ళీ అదే పాట: "మా పెద్దది!"

ఆ తర్వాత ఏళ్ళూ అలాగే గడిచాయి, ఆ ఆఖరి పొద్దునదాకా.

పోయాక వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. ఎనిమిది నోళ్ళు నింపిన చెయ్యి. టీచరమ్మ ఏడుస్తూ, "కూపన్ కనబడితే ఇంక ఎవరికి చూపించను?" అంది. చిన్నకోడలి కూతురు పెద్దమ్మ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఎవరు పిలిచినా లేవలేదు. తలుపు దగ్గర నిలబడి అది చూసిన చిన్నకోడలికి ఏడుపుతో బాటు పాత మంటే మళ్ళీ రేగింది. నేను పోతే ఇది ఇలా ఏడుస్తుందా? పోయి కూడా నా పిల్లను తన దగ్గరే అట్టేపెట్టుకుంది కదా ఈ మనిషి! పాడె లేవకముందే ఇలాంటి ఆలోచనేమిటని నాలుక కరుచుకుంది. కానీ అసూయకు వేళాపాళా ఉంటుందా?

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయి ఇల్లు సద్దుమణిగాక, అత్తగారు సంచీ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. కళ్ళజోడు డబ్బా కూడా.

"ఇహ నీదేనే. దానిలా చూసి కొను" అంది.

దానిలా. ఆ ఒక్క మాట లేకుండా ఇచ్చి ఉంటే! అడిగితే రాలేదు, పోట్లాడితే రాలేదు. ఎవరూ లేక మిగిలిపోతే వచ్చింది. ఎంగిలి కంచం చేతికిచ్చినట్టు అనిపించింది చిన్నకోడలికి.

అయినా వెళ్ళింది. డబ్బాలో కూపన్లు అరల వరసలోనే ఉన్నాయి. ఈసారి కదపలేదు. నడుస్తుంటే ఒకటి తర్వాత ఒకటి చేతికి వచ్చాయి. నూనె దగ్గర నూనెది వచ్చింది. అంచు ఎక్కడా వంకర లేదు. అక్కడ కాసేపు నిలబడిపోయింది. వెనకనుంచి ఎవరో "కాస్త జరుగుతారా అమ్మా" అంటే గానీ కదల్లేదు.

చీటీల అర దగ్గరికి వచ్చేసరికి చీటీలమ్మ చికెన్ ప్యాకెట్లమీద చీటీలు అంటిస్తోంది.

"ఏమ్మా, బొత్తిగా కనబడటం లేదు ఇద్దరూ. మీ అక్కగారేరీ?"

చెప్పింది. చీటీలమ్మ చేతిలో చీటీల చుట్ట పక్కన పెట్టి, ఖాళీ ప్లాస్టిక్ పెట్టె ఒకటి బోర్లించి దానిమీద కూలబడింది. స్వెట్టర్ కొసతో కళ్ళు ఒత్తుకుంది.

"బంగారంలాంటి మనిషి" అంది.

"ఊఁ" అంది చిన్నకోడలు. ఇక్కడా అదే పాటా అనుకుని ఒక ప్యాకెట్ అందుకుని అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మీకేమమ్మా, ఒక్కరే వచ్చినా ఏరుకుపోతారు" అంది చీటీలమ్మ. "పాపం ఆవిడకే మీరు లేకపోతే కుదిరేది కాదు."

"ఎందుకు కుదరదూ?"

"వాసన తెలియదు కదమ్మా ఆవిడకి."

చిన్నకోడలు ముక్కు దగ్గర్నించి ప్యాకెట్ దించింది.

"మీకు తెలియదూ?" చీటీలమ్మ కంగారు పడింది. "ఎప్పుడో పెద్ద జ్వరం వచ్చి వాసనా రుచీ రెండూ పోయాయటగా. మీరు రావడం మానేశారు చూడండి కొన్నాళ్ళు, అప్పుడు తెలిసింది నాకూ. ఒకరోజు చేపల ప్యాకెట్ పట్టుకొచ్చి, 'కాస్త వాసన చూసి పెడతావా అమ్మా' అంది. మేం అలా చూసి చెప్పకూడదు, షాపువాళ్ళు ఊరుకోరు. ఆ మాటే అంటే, మెల్లిగా చెప్పింది. ఇంట్లో చెప్పుకోవచ్చు కదా అన్నాను. 'అమ్మో, చెబితే సంచీ మా చెల్లి చేతికి పోతుంది' అని నవ్వింది. 'దానికి ముక్కుంది, వయసుంది, పిల్లలిద్దరున్నారు. నాకున్నది ఈ సంచీ ఒక్కటే' అంది."

చిన్నకోడలి గుండెల్లోంచి మొదట పైకి వచ్చింది దుఃఖం కాదు. ముక్కూ మొహం తెలియని ఈవిడకి చెప్పింది, ఒక వంటింట్లో ఇన్నేళ్ళు పక్కన నిలబడ్డ నాకు చెప్పలేదు. దుఃఖం దాని వెనకాలే వచ్చింది. నాకు ముక్కుందని ఏడ్చిందా, అక్క? నన్ను చూసి?

"ఆ రోజుల్లో ఈ అర దాకా వచ్చేది కాదమ్మా. అక్కడే, గింజల డబ్బాల దగ్గరే ఆగిపోయేది" అంది చీటీలమ్మ, లేచి చీటీల చుట్ట అందుకుంటూ. "మిగతావాటికి ఎలాగో సర్దుకుంటానంది. పిల్లల డబ్బాల్లోకి వెళ్ళేది మటుకు భయమట. 'మా చెల్లి చూసి బాగుందంటేనే పెడతాను, అది చూడకపోతే పారబోస్తాను' అంది."